కాలమ్ చేసిన బాలప్ప

ఆ వేసవిలో కుందుర్పి చుట్టుపక్కల ఊళ్లలో వందల మంది చచ్చిపోయారు. ఒక్క శవం కూడా దొరకలేదు.

ఎక్కడా డప్పు మోగలేదు. ఎవరూ దారిలో బొరుగులు చల్లలేదు. చచ్చినవాళ్ల పెళ్లాలు ఎప్పటిలాగే బొట్టు పెట్టుకుని, గాజులు వేసుకుని, కుళాయి దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకుంటున్నారు. చచ్చినవాళ్లు వారానికోసారి ఊరి అంగడికి ఫోన్ చేసి, ఇంటిదాన్ని పిలవమని అడుగుతున్నారు.

ఈ ఘోరాన్ని మొదట పసిగట్టింది పోలీసులు కాదు. అనంతపురంలో ఏసీ గదిలో కూర్చున్న ఒక కంప్యూటర్. జిల్లాలో మనుషులకు లేని ఏసీ ఆ రోజుల్లో దానికి ఉండేది కాబట్టి దాని మాటకు విలువ ఎక్కువ.

ఆ కంప్యూటర్ వర్షధార ఇన్ఫో సొల్యూషన్స్ అనే కంపెనీది. అనంతపురం జిల్లాలో వర్షం పేర్లలో బాగానే పడుతుంది. రెండువేల మూడులో ఆ కంపెనీకి ఒక పెద్ద కాంట్రాక్టు వచ్చింది. రైతులందరి వివరాలూ కంప్యూటర్‌కు ఎక్కించాలి. వాన పడగానే, బతికున్న ప్రతి రైతుకూ వేరుశనగ విత్తనం అందాలి. చచ్చినవాడి పేరు మీద ఎవడూ మూట ఎత్తుకుపోకూడదు. ఉద్దేశం బంగారం. ఆ ఉద్దేశాన్ని పట్టికలుగా మలిచిన మేధావి పేరు జయరాముడు.

జయరాముడు కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. తన డేటాబేస్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పూజారి గొంతులా మారేది. "పట్టికల మధ్య సంబంధాలుంటాయమ్మా. అందుకే దీన్ని రిలేషనల్ అంటారు," అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు. ఆయన పట్టికల మధ్య సంబంధాలు బాగానే ఉండేవి. పట్టికలకూ లోకానికీ మధ్యే చెడింది.

జూన్ నెలలో ఆయన ఒక రిపోర్టు తీశాడు. ఊరివారీగా మరణాలు. కాగితం చూసి ఆయనకే కళ్లు తిరిగాయి. కుందుర్పి పక్క ఊళ్లలో నడివయసు మగవాళ్లు ఉగాది తర్వాత ఈగల్లా రాలిపోయారు. రిపోర్టు పైకి వెళ్లింది. పైనుంచి ఇంకా పైకి వెళ్లింది. పేరు తెలియని మహమ్మారి ఒకటి జిల్లాలో దిగిందని, దాన్ని కంప్యూటర్ సాయంతో కనిపెట్టినవాడు ఫలానా జయరాముడని అందరికీ తెలిసింది. ఆయనకు కప్పడానికి శాలువా కూడా కొన్నారు.

డాక్టర్ల జట్టు జీపుల్లో బయలుదేరింది. ఊరూరా నీళ్లు పరీక్ష చేశారు, నీళ్లు దొరికిన చోట. పందుల్ని అనుమానించారు. దోమల్ని అనుమానించారు. బతికున్న ఆడవాళ్ల చేతుల్లో సూదులు గుచ్చి రక్తం తీశారు. "మీ ఇంట్లో జ్వరాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే, "మీరు వచ్చి గుచ్చినాక ఉండాయి," అని జవాబొచ్చింది.

ఇంతలో వాన పడింది.

*

వాన పడితే మిగతా లోకంలో జనం గొడుగు తెరుస్తారు. అనంతపురం జిల్లాలో పనులన్నీ వదిలేసి చేలవైపు పరుగెడతారు. ఎర్రనేలలో తడి నిలిచేది కొద్ది రోజులే. ఆ పదును ఆరేలోపు గింజ లోపల పడాలి. పడకపోతే మళ్లీ వాన ఎప్పుడో మేఘాలకే తెలియదు. ఆ తర్వాత చేతిలో విత్తనం ఉన్నా ఒకటే, ఉప్పు ఉన్నా ఒకటే.

సున్నపురాళ్లపల్లి బాలప్ప బెంగళూరులో ఒక మేడ మీద కాంక్రీటు మోస్తుండగా వాన సంగతి తెలిసింది. పెళ్లాం కదిరమ్మ మేస్త్రీ సెల్‌కు ఫోన్ చేసింది. "సేను తడిసినాది. గొర్రు పడుతుంది. రా," అని పెట్టేసింది. బాలప్ప తట్ట దించి, మేస్త్రీకి ఒక దండం పెట్టి, బస్సెక్కాడు. ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని కుందుర్పిలో రేకుల షెడ్డు కింద నడుస్తున్న విత్తన కేంద్రానికి వచ్చాడు.

షెడ్డు బయట జాతరలా జనం. లోపల వర్షధార కంపెనీ ఆపరేటరు ఓబులేష్, ముందొక కంప్యూటర్. ఆ కుర్రాడు పొద్దుటినుంచీ తిట్లు తిని చెవులు ఎర్రబడి ఉన్నాడు. అనంతపురం నుంచి ఆ పొద్దున్నే వచ్చిన ఒక ఆడమనిషి అతని వెనక కుర్చీలో కూర్చుని తెరవైపే చూస్తోంది.

"పేరు?" అన్నాడు ఓబులేష్.

"బాలప్ప."

"నాయన పేరు?"

"హనుమంతరాయుడు."

ఓబులేష్ తెర చూశాడు. బాలప్పను చూశాడు. నిట్టూర్చాడు.

"అన్నా, నువ్వు కూడా పోయినావు."

"అవునప్పా, పోయినా. ఉగాది అయినాక బెంగళూరుకు పోయినా. ఇప్పుడే వస్తాండా."

"ఆ పోవడం కాదన్నా. పోయినావు."

"అదే కదప్పా నేనూ చెప్తాండేది. బస్సు టికెట్టు చూపించాల్నా?"

"కంప్యూటర్లో పోయినావన్నా!"

"కంప్యూటర్లో యాడికి పోయినా?"

ఓబులేష్ నోటితో చెప్పలేక వేలు పైకెత్తి చూపించాడు. బాలప్ప తలెత్తి చూశాడు. రేకు కింద ఒక బల్లి ఉంది.

"చచ్చినావంటాండాడు," అంది కదిరమ్మ విసుగ్గా. "మొన్న సూదులోళ్లు వచ్చినప్పుడే అనుకున్నా, ఈళ్లకు ఎవరో ఏదో ఎక్కించినారని."

"నేనేం చేసేదక్కా? పోయినోళ్ల పేరు కొడితే మూట రాయనీదు ఇది," అన్నాడు ఓబులేష్. తర్వాత తెరమీద ఏదో కనిపించి ముఖం వెలిగింది. "అన్నా, మీ నాయన ఉండాడు! ఆయప్ప పేరు మీద మూటలు వచ్చినాయి. పోయి పిల్చుకోని రా. వేలిముద్ర ఏపిచ్చుకోని ఇచ్చేస్తా."

బాలప్ప పెళ్లాం ముఖం చూశాడు.

"మామను పిల్చుకోని రావల్లంటే గడ్డపార కావల్ల," అంది కదిరమ్మ. "నీ కాడ ఉండాదా?"

వెనక కుర్చీలో ఉన్న ఆడమనిషి లేచి నిలబడింది.

*

ఆమె పేరు హేమావతి. ఊరు తాడిపత్రి. చదివింది ఎంసీఏ. వర్షధారలో ప్రోగ్రామర్. ఆమెకు కంపెనీలో 'పేర్ల పిచ్చి' అని ఒక బిరుదుంది. జోస్యం చెప్పేవాడు అరచెయ్యి చూసినట్టు, ఆమె ఏ పట్టిక తెరిచినా ముందు కాలమ్‌ల పేర్లు చూసేది. జయరాముడి పట్టికలు చూసిన రోజు భోజనం చెయ్యలేదని చెప్పుకుంటారు.

అందులో పేరు1, పేరు2, పేరు3 ఉండేవి.

"పేరు1 రైతు. పేరు2 ఎవరు సార్?" అని అడిగిందట ఆమె.

"తండ్రి."

"పేరు3?"

"ఆడవాళ్లయితే మొగుడు. మగవాళ్లయితే ఖాళీ. ఒక్కోసారి పేరు2 తప్పు పడితే, సరైనది పేరు3లో వేస్తాం."

"ఏది తప్పో ఏది మొగుడో ఎట్లా తెలుస్తుంది?"

"అనుభవం మీద తెలుస్తుందమ్మా."

ఇంకా ఉన్నాయి. తేదీ అని ఒకటి, కొత్తతేదీ అని ఒకటి, అసలుతేదీ అని ఒకటి. అసలుతేదీ దేనికని అడిగితే, కొత్తతేదీ తప్పని తేలాక పెట్టామన్నాడు. వివరం అని ఒక కాలమ్ ఉంది, అందులో ఎవరూ ఏ వివరమూ రాయలేదు. ఇతరములు అనే కాలమ్‌లో మాత్రం ఆవుల నుంచి అల్లుళ్ల దాకా సమస్తం ఉన్నాయి. హేమావతి వీటన్నిటి మీదా రెండు పేజీల నోటు రాసి ఇచ్చింది. జయరాముడు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

మహమ్మారి రిపోర్టు చూసినప్పుడు కూడా డాక్టర్లకు రాని అనుమానాలు ఆమెకు వచ్చాయి. ఈ రోగం నడివయసు మగవాళ్లనే ఎందుకు పట్టుకుంటోంది? ముసలివాళ్లు ఒక్కరూ ఎందుకు చావడం లేదు? తొంభై దాటినవాళ్లు కూడా డేటాబేస్‌లో దిట్టంగా ఉన్నారు. చావులన్నీ ఉగాది తర్వాతే ఎందుకు? అన్నిటికంటే విచిత్రం, బెంగళూరు బస్సు ఆగే ఊళ్లలో చావులు ఎక్కువ. బస్సు ఆగని ఊళ్లలో తక్కువ.

ఈ చివరి ముక్క ఆమె జయరాముడితో అంటే, ఆయన వెంటనే డాక్టర్లకు చెప్పాడు. డాక్టర్లు ఆ దారి బస్సులన్నిటిలో దోమల మందు కొట్టించారు.

అందుకే కుందుర్పిలో గొడవ అవుతోందని కబురు రాగానే, నేనే వెళ్తానని ఆమె బస్సెక్కింది. మందు వాసన ఇంకా పోలేదు.

ఇప్పుడు ఎదురుగా ఒక శవం నిలబడి ఉంది. భుజం మీద సిమెంటు మరకలు, చంకలో ఖాళీ గోనెసంచి.

"అక్కా," అంది హేమావతి కదిరమ్మతో. "మీ ఇంటికి రాసుకోవడానికి ఎవరొచ్చారు?"

"తిమ్మన్న వచ్చినాడు మేడమ్మా. వర్షదారోళ్ల తరపున రాసుకుంటా తిరిగినాడే, ఆయప్ప. ఎండలో వచ్చినాడని మజ్జిగ కూడా ఇచ్చినా."

"ఏమేం అడిగాడో ఒకసారి చెప్పు. ఒక్క మాట కూడా మార్చకుండా."

కదిరమ్మకు ఇది నచ్చింది. అంత జనం ముందు మాట్లాడే అవకాశం రోజూ రాదు. కొంగు నడుముకు దోపుకుంది.

"'మీ ఆయప్ప పోయినాడా?' అన్నాడు. పోయినాడు అన్నా. 'ఎప్పుడు పోయినాడు?' అన్నాడు. ఉగాది అయిన మర్సటి దినం అన్నా. రాసుకున్నాడు. 'మీ మామ పోయినాడా?' అన్నాడు. మామ యాడికి పోతాడప్పా, సేన్లోనే ఉండాడు అన్నా. అదీ రాసుకున్నాడు."

"సేన్లో ఏం చేస్తున్నాడు?"

"ఏం చేస్తాడు మేడమ్మా? ఈతచెట్టు కాడ మేమే కదా పూడ్చినాము."

షెడ్డులో నవ్వు లేచింది. హేమావతి నవ్వలేదు. ఆమె మెల్లగా కుర్చీలో కూలబడి, పట్టిక తెరిచి, కాలమ్‌ల పేర్లు పైనుంచి కిందికి చదివింది. పేరు1. పేరు2. ఊరు. సర్వే. ఆ తర్వాత, రోజూ చూస్తూ కూడా చూడనిది. పోయినతేదీ.

హంతకుడు దొరికాడు.

*

కోస్తావాళ్లకు వెళ్లడం వేరు, పోవడం వేరు. ఈ సీమలో ఉన్నది ఒకటే. మనిషి బజారుకూ పోతాడు, బెంగళూరుకూ పోతాడు, పైకీ పోతాడు. ఏ పోవడమో చెప్పేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. కాలమ్‌కు ముఖం ఉండదు. అది ఏడుస్తూ చెప్పినా, నవ్వుతూ చెప్పినా, బస్టాండులో చెప్పినా, ఒకే గడిలో రాసుకుంటుంది.

పైగా ఈ ఊళ్లలో ఏటా ఉగాది కాగానే సగం మంది మగవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. అక్కడ పోయినాడా అని అడిగితే ఎవరికైనా ముందు బస్సే గుర్తొస్తుంది. నిజంగా చచ్చినవాళ్ల గురించి అంత మోటుగా అనరు. మట్టిలో పెట్టినాం అంటారు, కాలం చేసినాడు అంటారు. తిమ్మన్న ఫారంలో కాలం లేదు. కాబట్టి అసలు చచ్చినవాళ్ల గడులు ఖాళీగా ఉండిపోయాయి. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ లెక్కన మనిషి బతికున్నట్టు. హనుమంతరాయుడు ఈతచెట్టు కింద పడుకుని విత్తనం సంపాదించుకున్నాడు. కొడుకు బస్సెక్కి పోగొట్టుకున్నాడు.

ఊళ్లో అసలు చచ్చినవాళ్లంతా తమంతట తాము కాలం చేశారు. బాలప్పను మాత్రం కాలమ్ చేసింది.

హేమావతి రోడ్డు దాటి ఎస్టీడీ బూతులో దూరింది. బాలప్ప, కదిరమ్మ కూడా వెనకే వెళ్లి తలుపు బయట నిలబడ్డారు. తన చావు గురించి మాట్లాడుతుంటే వినాలని ఎవరికి ఉండదు?

"సార్, మహమ్మారి లేదు," అంది హేమావతి ఫోన్‌లో. "వలస ఉంది. పోయినతేదీ అని పేరు ఎందుకు పెట్టారు సార్?"

అటువైపు జయరాముడి గొంతులో నొచ్చుకోవడం వినబడింది. "నేను ఏం పెట్టినానో నీకు తెల్సా? చనిపోయినతేదీ అని పెట్టినా. ప్రజల సొమ్ముతో చేసే పని, పేర్లు తెలుగులో ఉండాలని నేనే పట్టుపట్టినా. కానీ మన సాఫ్ట్‌వేర్‌లో కాలమ్ పేరు పది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు కదా. నాది పదిహేను వచ్చింది. ముందరి ఐదు తీసేసినా. సరిగ్గా పది మిగిలినాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

"చని తీసేశారా?"

"చని తీసినా అర్థం మారదు కదమ్మా."

హేమావతి అద్దంలోంచి బాలప్పను చూసింది. అర్థం మారినవాడు బీడీ వెలిగించుకుంటున్నాడు.

"వెనక ఐదు తీసుండొచ్చు కదా సార్?"

"తీస్తే చనిపోయిన్ అని నిలబడుతుంది. అది వ్యాకరణం కాదు."

వ్యాకరణం కోసం ఇంతమందిని చంపిన మనిషి ఇంకొకడు చరిత్రలో ఉంటాడో ఉండడో.

"దాన్ని రెండు కాలమ్‌లు చేద్దాం సార్. ఒకటి మరణం, ఒకటి వలస. రెండూ పది అక్షరాల లోపే. అడిగేవాడికి అనుమానం రాదు, చెప్పేవాడికి అనుమానం రాదు. ఇక్కడ పదును ఆరిపోతోంది. ఈరోజు విత్తనం ఇవ్వకపోతే ఇంక ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే."

"కాలమ్ పేరు మారిస్తే ప్రోగ్రాములన్నీ మార్చాలమ్మా. ఫారాలు మళ్లీ అచ్చు వెయ్యాల. పైగా రిపోర్టు పైకి పోయింది."

"పోయిందంటే ఏ పోవడం సార్?"

అటువైపు జయరాముడు గొంతు సవరించుకున్నాడు. శాలువా కోసం ఎదురుచూస్తున్న మనిషి గొంతు.

"చూడు హేమావతీ. ఒక పని చేద్దాం. కాలమ్ మార్చడం కష్టం, మాట మార్చుకోవడం సులువు. పోయినాడు అనే మాట వాడకూడదని ఊళ్లలో చాటింపు వేయిద్దాం. 'వలస వెళ్లి యున్నారు' అని చెప్పవలెను అని. నేనే సర్క్యులర్ తయారు చేస్తా. అంతవరకు నువ్వు డేటా ముట్టుకోవద్దు."

హేమావతి ఫోన్ పెట్టేసి బయటికొచ్చింది.

"ఏమంటాడు మేడమ్మా?" అన్నాడు బాలప్ప.

"మీరు మాట మార్చుకోవాలంట."

"ఏం మాట?"

"పోయినాడు అనకూడదంట. వలస వెళ్లి యున్నాడు అనాలంట."

బాలప్ప ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "ఎళ్లి యున్నాడు," అన్నాడు. "ఇది అనేలోపల బస్సు పోతుంది కదమ్మా."

కదిరమ్మ వంగి రోడ్డు పక్కన పిడికెడు మట్టి తీసింది. పిసికి చూసింది. ముద్ద కట్టింది, కానీ అంచులు రాలుతున్నాయి. తెల్లమబ్బు ఎప్పుడో తేలిపోయింది. పడమటి గాలి మొదలైంది.

"ఆయప్ప మాట నేర్చుకోమంటే నేర్చుకుంటాం," అంది ఆమె మట్టి విదిలిస్తూ. "ముందు ఈ గాలికి చెప్పు మేడమ్మా, మేము నేర్చుకునేదాకా తోలొద్దని."

*

హేమావతి షెడ్డుకు తిరిగొచ్చి ఓబులేష్‌ను కుర్చీలోంచి లేపింది.

"డేటా ముట్టుకోవద్దని చెప్పినారంట కదా మేడమ్?" అన్నాడు వాడు. కుందుర్పిలో బూతులో మాట్లాడిన మాట షెడ్డుకు చేరడానికి రోడ్డు దాటినంత సేపు కూడా పట్టదు.

"పేరు మార్చొద్దన్నాడు. పేరు మార్చడం లేదు. గడి ఖాళీ చేస్తున్నా. ఒక్కొక్కరినే పిలువు."

"బతికుండారని ఎట్ల రుజువు చేసుకునేది మేడమ్? రేషన్ కార్డులు అడగమంటారా?"

హేమావతి వరుసను చూసింది. వరుస ఆమెను చూసింది.

"నిన్ను తిట్టగలిగినవాళ్లందరూ బతికున్నట్టే," అంది.

ఆ పరీక్షలో ఒక్కరూ ఫెయిల్ కాలేదు. ఓబులేష్ పేరు పిలవడం, ఎదురుగా ఒక శవం వచ్చి నిలబడి వాడి వంశాన్ని పలకరించడం, హేమావతి గడి ఖాళీ చెయ్యడం. "ఒక్కొక్కరే తిట్టండన్నా, ఒక్కొక్కరే!" అని వాడు మొత్తుకుంటున్నాడు. మొగుడు ఇంకా బెంగళూరులోనే ఉన్న ఆడవాళ్లు వస్తే, ఆయన కిందటి వారం ఫోన్ చేశాడా అని హేమావతి అడిగింది. చేశాడంటే బతికినట్టు. చెయ్యలేదన్న ఒకామె మాత్రం, "చేసిండకపోయినా బతికే ఉంటాడులే మేడమ్మా, అంత సులువుగా నన్ను వదల్డు," అంది. ఆ గడి కూడా ఖాళీ అయింది.

బాలప్ప వంతు వచ్చింది.

"తిట్టన్నా," అన్నాడు ఓబులేష్ అలవాటైపోయిన గొంతుతో.

బాలప్పకు తిట్టడానికి నోరు రాలేదు. "ఎందుకప్పా పాపం, పొద్దన్నుంచీ తిని ఉండావు," అన్నాడు.

"నేను తిడతా," అని కదిరమ్మ ముందుకొచ్చింది. "ఏమప్పా ఓబులేశూ, తాళి కట్టినోడు బతికుండంగానే నన్ను ముండను చేసినావే, నీ కంప్యూటర్ కరెంటు పోను, నీ కొంప తగలబడ!"

హేమావతి మీట నొక్కింది. బాలప్ప బతికాడు. విత్తనపు మూటలు తూకం దిగాయి. ఆమె హనుమంతరాయుడి వరుస కూడా తెరిచి, ఆయన ఏ ఏడు పోయారని కదిరమ్మను అడగబోయి, ఆగి, "ఏ ఏడు మట్టిలో పెట్టారు?" అని అడిగింది.

"గాలివానకు బడి రేకులు లేచిపోయిన ఏడు," అంది కదిరమ్మ. ఆ తేదీకి జయరాముడి పట్టికలో ఏ కాలమూ లేదు. ఆవులూ అల్లుళ్లూ ఉన్న ఇతరములులో రాసి పెట్టింది హేమావతి.

షెడ్డు ఖాళీ అయ్యాక, ఆమె ఆ డేటాను ఫ్లాపీలోకి ఎక్కించుకుని, అనంతపురం బస్సెక్కింది.

*

మరునాడు పొద్దున్న జయరాముడు అదే రిపోర్టు మళ్లీ తీసి, ఏసీలో కూర్చుని చెమటలు కక్కాడు. కుందుర్పి పక్కన చచ్చినవాళ్లు ఒక్క మధ్యాహ్నంలో గుంపుగా లేచి కూర్చున్నారు. డాక్టర్ల జట్టు నాయకుడికి ఈ సంగతి ఎలాగో ముందే తెలిసింది. రోగం అదుపులోకి వచ్చిందని, బస్సుల్లో కొట్టిన మందు పనిచేసిందని ఆయన అప్పటికే ప్రకటన రాసుకుంటున్నాడు.

జయరాముడు హేమావతిని పిలిచాడు. ఆమె నిలబడి అంతా చెప్పింది. ఆయన కూర్చుని ఏదీ వినలేదు.

"చచ్చినోళ్లను నన్ను అడక్కుండా బతికించినావు. ఎవరిచ్చినారు నీకు ఆ అధికారం?" అన్నాడు.

"చంపే అధికారం మీకెవరిచ్చారో వాళ్లే సార్," అంది హేమావతి.

ఆమెకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అందులో కూడా ఆమె పేరు, పేరు3 అని ఉన్న గడిలో పడింది. జయరాముడు పాత డేటాను మళ్లీ ఫ్లాపీలో ఎక్కించి, పొద్దున బస్సుకే కండక్టరు చేతికిచ్చి పంపించాడు. దాంతోపాటు ఒక ఉత్తర్వు. పోయిన రైతులకు పొరపాటున ఇచ్చిన విత్తనాన్ని తక్షణమే వాపసు తీసుకొని రసీదు పంపవలెను.

హేమావతి నోటీసుకు జవాబు అప్పుడే రాసి ఇచ్చింది. ఒకే వాక్యం. ముందు ఆ కాలమ్ పేరు మార్చండి, తర్వాత నన్ను అడగండి. జయరాముడు దాన్ని దేని కింద పెట్టుకున్నాడో తెలియదు. టీ గ్లాసు కింద అప్పటికే చోటు లేదు.

*

ఓబులేష్ మోపెడ్ మీద సున్నపురాళ్లపల్లి చేరేసరికి ఎండ ముదిరింది. ఊళ్లో ఒక్క మగపురుగు లేదు. ఉత్తర్వు చదివినవాడికి మళ్లీ అందరూ చచ్చారేమో అనిపించేలా ఉంది. చావడి దగ్గర ఒక ముసలామె వేరుశనగ తొక్కల కుప్ప ఊడుస్తోంది. నిన్న సాయంత్రం ఊరు ఊరంతా కూర్చుని కాయలు ఒలిచినట్టుంది.

"బాలప్ప యాడవ్వా?" అన్నాడు ఓబులేష్.

ముసలామె చీపురు ఆపి, వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. వర్షధార మనిషని గుర్తుపట్టింది. నోరు తెరిచి, మళ్లీ మూసి, చేత్తో చేలవైపు చూపించింది. మాటల్లో ఏమీ చెప్పదలుచుకోలేదు.

చేలో బాలప్ప అద్దెకు తెచ్చిన ఎద్దుల్ని తోలుతున్నాడు. వెనక కదిరమ్మ ఒడిలోంచి గింజలు తీసి, గొర్రు గొట్టం నోట్లో పిడికిట్లోంచి ఒక్కొక్కటే జారవిడుస్తూ నడుస్తోంది. ఎర్రమట్టి తడికి ఇంకా నల్లగానే ఉంది, అక్కడక్కడా తప్ప. సగం పైన అయిపోయింది.

ఓబులేష్ మోపెడ్ గట్టు మీద నిలబెట్టి, గట్టెంబడి అవతలి చివరకు నడిచి, కాగితం చేత్తో పట్టుకుని కేక వేశాడు. "అన్నా! మళ్లీ పోయినావంట!"

ఎద్దులు ఆగలేదు. బాలప్ప ఆపలేదు.

"నేను కాదన్నా అనేది, అనంతపురమోళ్లు! నిన్న ఇచ్చిన విత్తనం వాపసు తీసుకోమన్నారు. రసీదు పంపాలంట."

సాలు ఈ చివరికి వచ్చింది. కదిరమ్మ నడుము పట్టుకుని నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒడిలో మిగిలినవి చూసుకుంది. వెనక్కి తిరిగి విత్తిన నేలను చూసింది.

"తీసుకోపో నాయనా," అంది. "నిన్న తిట్టినానని మనసులో పెట్టుకోవద్దు. అద్దో, ఆ మొదటి సాలు కాడ్నుంచి మొదలుపెట్టు. జానెడుకొకటి ఏసినా. మెల్లగా ఏరుకో, పప్పు ఇరగకుండా. గింజలు ఎన్నో అనంతపురమోళ్ల కంప్యూటర్‌కు తెలుస్తుంది కదా, ఒకటి తక్కువైనా వచ్చి అడుగు."

ఓబులేష్ సాళ్ల వైపు చూశాడు. దూరంగా గుట్ట దాకా ఒకదాని పక్కన ఒకటి, నల్లగా, తిన్నగా, ఆ జిల్లాలో ఏ పట్టికలోనూ లేనంత శుభ్రంగా ఉన్నాయి. పక్క చేలో ఇంకో గొర్రు నడుస్తోంది. దాని పక్క చేలో ఇంకొకటి. అందరూ చచ్చినవాళ్లే.

"రసీదులో ఏమని రాసేదక్కా?" అన్నాడు నీరసంగా.

"మాకేం తెల్సప్పా మీ రాతలు," అని కదిరమ్మ మళ్లీ గొర్రు వెనక్కి వెళ్లింది. బాలప్ప ఎద్దుల్ని తిప్పాడు. గాలి ఎక్కువైంది. ఇంకా సగానికి తక్కువ చేను మిగిలి ఉంది, పొద్దు గూకేలోపు అవుతుంది, అవ్వాలి.

ఓబులేష్ ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకుని, మోపెడ్ వైపు చేలోంచి అడ్డంగా నడవబోయాడు.

"ఒరేయప్పా!" అని వెనకనుంచి బాలప్ప గావుకేక పెట్టాడు. "సాల్లో తొక్కొద్దురా! గట్టెంబడి తిరుక్కోని పో!"